లింకన్ గురించి తెలుసుకోవాలంటే ముందు ఏది చదవాలి, దేన్ని ఎంతవరకు నమ్మాలి

ఏటా సెప్టెంబరు 5 రాగానే ఒక ఉత్తరం మన ఫోన్లలో తిరుగుతుంది. అబ్రహాం లింకన్ తన కొడుకు చదివే బడి టీచరుకు రాశాడని చెప్పే ఉత్తరం అది. మాటలు బాగుంటాయి కాబట్టి స్కూల్ అసెంబ్లీల్లో కూడా చదివి వినిపిస్తారు. అయితే లింకన్ రాసినవన్నీ దేశమంతా గాలించి పోగుచేసిన సంపుటాల్లో ఆ ఉత్తరం ఎక్కడా లేదు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో కనిపించే ‘లింకన్ ఓటముల జాబితా’ పరిస్థితీ దాదాపు ఇంతే. 1832లో ఎన్నికల్లో ఓడాడు, 1836లో నరాల జబ్బుతో మంచం పట్టాడు, ఇలా వరుసగా దెబ్బలు తిని చివరికి 1860లో అధ్యక్షుడయ్యాడు అని ఆ జాబితా చెబుతుంది. 1832 ఓటమి నిజమే. కానీ ఆ తర్వాత 1834, 1836, 1838, 1840 సంవత్సరాల్లో వరుసగా నాలుగుసార్లు ఇల్లినాయ్ శాసనసభకు గెలిచిన సంగతిని అది దాటేస్తుంది. మనసు బాగా కుంగిపోయిన కాలం కూడా 1836 కాదు, 1841 జనవరి. ఆ నెల 23న తన లా పార్ట్‌నర్ జాన్ స్టువర్ట్‌కు రాసిన ఉత్తరంలో, బతికున్నవాళ్లలో తనంత దుఃఖంలో ఉన్నవాడు లేడని లింకనే రాసుకున్నాడు. ఆ ఒక్క ఉత్తరం తెరిచి చూస్తే జాబితాలో తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

అసలు సమాచారం దొరకక మనకు ఈ ఇబ్బంది వచ్చిందనుకోకండి. లింకన్ మీద వేల పుస్తకాలు ఉన్నాయి. ఆయన కాగితాలు, కోర్టు ఫైళ్లు, ఆనాటి పేపర్లు చాలావరకు ఉచితంగా నెట్‌లో ఉన్నాయి. వాటిలో దేన్ని ముందు తీసుకోవాలి, ఏది ఏ ప్రశ్నకు పనికొస్తుంది అన్నదే తేల్చుకోవాలి. నా సలహా ముందే చెప్పేస్తాను. మొదట ఒకే సంపుటంలో ఉన్న మంచి జీవితచరిత్ర ఒకటి చదవండి. తర్వాత నేరుగా లింకన్ ఉత్తరాల్లోకి వెళ్లండి. ఆనాటి పేపర్లను రెండు పార్టీలవీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఆయన చనిపోయాక జనం గుర్తుచేసుకుని చెప్పిన కబుర్లను చివరికి ఉంచుకోండి. బాల్యం విషయంలో మాత్రం ఈ వరుస పనిచేయదు, ఎందుకో కింద చెబుతాను.

జీవితచరిత్రల్లో ఏది?

పుస్తకం ఎంచుకునే ముందు 1947 జులై 26 అన్న తేదీ గుర్తుపెట్టుకోండి. లింకన్ కాగితాలన్నీ ఆయన పెద్దకొడుకు రాబర్ట్ దగ్గర ఉండేవి. ఆయన వాటిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చాడు కానీ, తాను చనిపోయిన 21 ఏళ్ల వరకు ఎవరికీ చూపించకూడదని షరతు పెట్టాడు. ఆయన 1926లో పోయాడు. అంటే 1947కు ముందు లింకన్ చరిత్ర రాసినవాళ్లలో దాదాపు ఎవరికీ ఆ కాగితాలు అందలేదు.

అందిన ముఖ్యులు ఇద్దరు. వైట్‌హౌస్‌లో లింకన్ కార్యదర్శులుగా పనిచేసిన జాన్ నికొలే, జాన్ హే. వాళ్లు 1890లో 10 సంపుటాల చరిత్ర తెచ్చారు. దగ్గరుండి చూసినవాళ్లు, పైగా కాగితాలు చేతిలో ఉన్నవాళ్లు కాబట్టి అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధ కాలపు (1861-65) సంఘటనలకు అది ఇప్పటికీ ఉపయోగమే. కాకపోతే కాగితాలు ఇచ్చింది కొడుకు, రాతప్రతిని చూసి ఒప్పుకున్నదీ కొడుకే. తండ్రి గురించి ఇబ్బందికరమైనది అందులో ఉంటుందని ఆశించకండి. కాపీరైట్ తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫలానా ఘట్టం కోసం తెరిచి చూడండి, మొదటి పేజీ నుంచి చదవాలని మాత్రం కూర్చోకండి.

కవి కార్ల్ శాండ్‌బర్గ్ 1926లో రెండు, 1939లో నాలుగు సంపుటాలు రాశాడు. రెండో భాగానికి పులిట్జర్ వచ్చింది. ఇల్లినాయ్ పల్లె వాసన, ఆ మనుషుల మాట తీరు తెలియాలంటే ఆ వచనం గొప్పది. అయితే చెప్పుడు కథలకూ ఆధారమున్న సంగతులకూ మధ్య గీత ఆ రచనలో చాలాచోట్ల కనిపించదు. సాహిత్యంగా చదవండి. అందులోంచి తేదీలు, సంభాషణలు ఎత్తి మీ వ్యాసంలో పెట్టకండి.

మొదటిసారి చదివేవాళ్లకు నేను చెప్పేది డేవిడ్ హెర్బర్ట్ డొనాల్డ్ 1995లో తెచ్చిన జీవితచరిత్ర. ఒకే సంపుటం, ఇంగ్లిష్ తేలిక. ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు: ఏ నిర్ణయం తీసుకునేనాటికి లింకన్‌కు ఎంత తెలుసో అంతే పాఠకుడికి చెప్పాలి. అందువల్ల చదువుతున్నంతసేపూ యుద్ధం ఎటు పోతుందో తెలియని మనిషి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. ఒక లోపం ఉంది. లింకన్ సంఘటనల వెంట నడిచినవాడే తప్ప వాటిని నడిపించినవాడు కాదన్న అభిప్రాయం పుస్తకమంతా కొంచెం గట్టిగా వినిపిస్తుంది. 1862 వేసవి గురించి చదివేటప్పుడు దీన్ని మనసులో ఉంచుకోండి.

బానిసత్వం గురించే మీ ప్రశ్న అయితే డొనాల్డ్ కంటే ముందు ఎరిక్ ఫోనర్ 2010 పుస్తకం తీసుకోండి. లింకన్ ఆలోచన ఏ ఏడాది ఎక్కడుంది, ఎవరి ఒత్తిడికి ఎలా మారింది అన్నది అంత స్పష్టంగా విడదీసి చెప్పిన రచన నాకు ఇంకొకటి తెలియదు. విముక్తి పొందిన నల్లవారిని వేరే దేశాలకు పంపాలన్న ఆలోచనను లింకన్ చాలాకాలం సమర్థించాడన్న సంగతిని కూడా అది దాచదు. మంత్రివర్గ రాజకీయాలు, తనతో పోటీపడ్డ సీవర్డ్, చేజ్, బేట్స్‌లను పక్కన పెట్టుకుని ఎలా పనిచేయించాడన్నది కావాలంటే డోరిస్ కెర్న్స్ గుడ్విన్ 2005 పుస్తకం సరిపోతుంది. మైకేల్ బర్లింగేమ్ 2008లో తెచ్చిన రెండు పెద్ద సంపుటాలు పరిశోధన చేసేవాళ్లకు. వాటి పూర్తి రాతప్రతిని నాక్స్ కాలేజీ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టారు. పుస్తకంలో తగ్గించిన ఆధారాలు కూడా అందులో ఉంటాయి. ఇండియాలో కూర్చుని పనిచేసేవాళ్లకు అది పెద్ద వరం.

ఆయన రాసినవా, ఆయనకు వచ్చినవా?

చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. రాయ్ బాస్లర్ సంపాదకత్వంలో 1953 నుంచి 1955 వరకు వచ్చిన 8 సంపుటాలు, ఒక సూచిక, లింకన్ రాసినవి, మాట్లాడినవి. మిషిగన్ విశ్వవిద్యాలయం వాటిని ఉచితంగా నెట్‌లో పెట్టింది, పదం కొట్టి వెతకొచ్చు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న వేల కాగితాల్లో ఎక్కువభాగం లింకన్‌కు వచ్చినవి: ఉద్యోగం అడిగేవాళ్లు, కొడుకును సైన్యం నుంచి వదిలిపెట్టమని వేడుకునే తల్లులు, సలహాలిచ్చే గవర్నర్లు, బెదిరించేవాళ్లు. వీటినీ స్కాన్ చేసి పెట్టారు. చేతిరాత చదవలేకపోయినా ఫర్వాలేదు, చాలావాటికి వాలంటీర్లు టైప్ చేసిన పాఠం పక్కనే ఉంటుంది.

లింకన్ ఏమన్నాడో తెలియాలంటే బాస్లర్ సంపుటాలు. ఎందుకన్నాడో తెలియాలంటే రెండూ కావాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం, ఎందుకంటే లింకన్ మీద వాదనల్లో అందరూ ఎత్తే ఉత్తరం అదే.

1862 ఆగస్టు 20న న్యూయార్క్ ట్రిబ్యూన్ సంపాదకుడు హొరేస్ గ్రీలీ, బానిసత్వం విషయంలో మెతకగా ఉన్నావంటూ లింకన్‌కు బహిరంగ లేఖ అచ్చేశాడు. 22న లింకన్ జవాబు రాశాడు. ఒక్క బానిసనూ విడిపించకుండా యూనియన్‌ను, అంటే విడిపోకుండా ఒక్కటిగా ఉన్న అమెరికాను, కాపాడగలిగితే అలాగే చేస్తాను, అందరినీ విడిపిస్తేనే కాపాడగలిగితే అదీ చేస్తాను, కొందరిని విడిపించి కొందరిని వదిలేయాల్సి వస్తే అదీ చేస్తాను అన్నది దాని సారం. ఇది ఒక్కటే చదివితే బానిసత్వం ఈయనకు పట్టలేదనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. అదే ఉత్తరం చివర, ఇది అధ్యక్షుడిగా తన బాధ్యత గురించి చెప్పిన మాట అనీ, మనుషులందరూ అన్నిచోట్లా స్వేచ్ఛగా ఉండాలన్న తన సొంత కోరికలో మార్పు లేదనీ రాశాడు.

ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కాగితాల్లోకి వెళ్లండి. అక్కడ 1862 జులై 22 నాటి బానిసల విముక్తి ప్రకటన ముసాయిదా ఉంది, లింకన్ చేతిరాతలోనే. గ్రీలీకి జవాబివ్వడానికి సరిగ్గా నెలరోజుల ముందు దాన్ని మంత్రివర్గంలో చదివి వినిపించాడు. యుద్ధంలో ఓడిపోతూ ఉండగా ప్రకటిస్తే దిక్కుతోచక చేసినట్టు కనిపిస్తుంది, ఒక గెలుపు వచ్చాక చేయండి అని విదేశాంగ మంత్రి సీవర్డ్ అన్నాడు. సెప్టెంబరు 17న యాంటీటమ్ దగ్గర జరిగిన యుద్ధం తర్వాత దక్షిణాది సేన వెనక్కి తగ్గింది. 22న తొలి ప్రకటన వచ్చింది, 1863 జనవరి 1న అమలైంది. ఈ తేదీలన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసుకుని చూస్తే గ్రీలీ ఉత్తరం వేరేగా వినిపిస్తుంది. చేయబోయే పనికి ఉత్తరాది ఓటర్లను సిద్ధం చేస్తున్న మనిషి మాటలవి. చేతిలో ముసాయిదా పెట్టుకుని ఆ జవాబు రాశాడని తెలిసిన తర్వాత, ఒక్క ఉత్తరం పట్టుకుని తీర్పు చెప్పే ఏ వ్యాసాన్నైనా నేను నమ్మలేను.

సంపుటాల్లో ఉన్నంత మాత్రాన అన్నీ నిస్సందేహం అని కూడా కాదు. 1864 నవంబరు 21న యుద్ధంలో ఐదుగురు కొడుకులను పోగొట్టుకుందని అనుకున్న బోస్టన్ తల్లి బిక్స్‌బీకి రాసిన ఓదార్పు ఉత్తరం ఎంతో ప్రసిద్ధి. దాని అసలు ప్రతి దొరకలేదు. రాసింది లింకనా, కార్యదర్శి హేనా అన్న వాదన ఇంకా నడుస్తోంది. యుద్ధంలో చనిపోయింది ఐదుగురు కాదు, ఇద్దరే అని తర్వాత తేలింది. అందుకే సంపుటాల్లో ప్రతి ఉత్తరం కింద ఉండే చిన్న అక్షరాల సూచన చూసే అలవాటు చేసుకోండి. అసలు ప్రతి ఎక్కడుందో, పేపర్లోంచి ఎత్తుకున్నదో అక్కడ రాసి ఉంటుంది.

లాయర్ ఫైళ్లు

దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నాకైతే లింకన్ మనిషిగా బాగా అర్థమైంది ఇక్కడే. పాతికేళ్ల ప్రాక్టీసులో ఆయనా, ఆయన పార్ట్‌నర్లూ చూసిన కేసులు 5 వేలకు పైగా ఉన్నాయి. ఇల్లినాయ్ కోర్టుల్లో మగ్గిన ఆ కాగితాలను ఏళ్ల తరబడి వెతికి, స్కాన్ చేసి, ఇప్పుడు నెట్‌లో ఉచితంగా పెట్టారు. అప్పుల వసూళ్లు, పొలం సరిహద్దులు, విడాకులు, రైల్వే కంపెనీల తగాదాలు. మన మునసబు కోర్టు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

1841లో నాన్స్ అనే నల్లజాతి యువతిని అమ్మిన వ్యవహారంలో వచ్చిన అప్పు పత్రం కేసులో లింకన్, ఆమెను బానిసగా రుజువు చేయలేనప్పుడు ఆ అమ్మకమే చెల్లదని ఇల్లినాయ్ సుప్రీంకోర్టులో వాదించి గెలిచాడు. ఆరేళ్ల తర్వాత, 1847లో, కెంటకీకి చెందిన బానిసల యజమాని రాబర్ట్ మాట్సన్ తరఫున అదే లింకన్ కోర్టులో నిలబడ్డాడు. జేన్ బ్రయంట్ అనే స్త్రీనీ, ఆమె పిల్లలనూ మళ్లీ బానిసత్వంలోకి పంపాలని మాట్సన్ అడిగాడు. లింకన్ ఆ కేసు ఓడిపోయాడు, జేన్ బ్రయంట్ కుటుంబం విముక్తి పొందింది. ఈ రెండు ఫైళ్లనూ ఒకదాని వెంట ఒకటి చదవండి. లింకన్‌ను దేవుణ్ని చేసే పుస్తకం మాట్సన్ కేసును నాలుగు లైన్లలో దాటేస్తుంది. ఆయన్ని దించేయాలనుకునేవాళ్లు నాన్స్ కేసు ఎత్తరు. ఏ జీవితచరిత్ర కొనాలో తేల్చుకోలేకపోతే, వెనక సూచికలో ఈ రెండు కేసులూ ఉన్నాయా, ఎన్ని పేజీలున్నాయి అని చూడండి. రచయిత నిజాయితీకి అది మంచి పరీక్ష.

పేపర్లు

ఆనాటి అమెరికా పేపర్లు బహిరంగంగా పార్టీ పేపర్లు. లింకన్ సొంత ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్టేట్ జర్నల్ ఆయన పక్షం, స్టేట్ రిజిస్టర్ డెమొక్రాట్ల పక్షం. చికాగోలో ట్రిబ్యూన్ ఈయన వైపు, టైమ్స్ అటువైపు. మన తెలుగునాట ఒకే సభ గురించి రెండు పేపర్లు రెండు రకాలుగా రాస్తే ఎలా చదవాలో మనకు బాగా తెలుసు. ఆ అలవాటు ఇక్కడ అచ్చంగా పనికొస్తుంది.

1858లో సెనేట్ సీటు కోసం స్టీఫెన్ డగ్లస్‌తో లింకన్ ఏడు బహిరంగ చర్చలు చేశాడు. రెండు పార్టీలూ తమ షార్ట్‌హ్యాండ్ రిపోర్టర్లను పంపాయి. ట్రిబ్యూన్‌లో లింకన్ ప్రసంగం నున్నగా ఉంటుంది, డగ్లస్‌ది అంత బాగా ఉండదు. టైమ్స్‌లో తలకిందులు. మనం ఇప్పుడు పుస్తకాల్లో చదివే పాఠం చాలావరకు లింకన్ తానే కత్తిరించి ఆల్బంలో అతికించుకున్న పేపర్ ముక్కల నుంచి వచ్చింది, 1860లో పుస్తకమైంది. అందులో ఎవరి మాటలు ఏ పేపర్లోంచి తీసుకున్నారో గమనించకుండా ‘లింకన్ ఇలా అన్నాడు’ అని రాయడం తొందరపాటు.

చేతిరాత ప్రతి కంటే పేపరే ఎక్కువ చెప్పే సందర్భాలూ ఉన్నాయి. 1863 నవంబరు 19 నాటి గెటిస్‌బర్గ్ ప్రసంగానికి లింకన్ చేతిరాతలో ఐదు ప్రతులున్నాయి. మొదటి రెండూ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. వాటిలో దేవుడి నీడలో ఈ దేశం కొత్త స్వేచ్ఛను పొందుతుందన్న చోట దేవుడి ప్రస్తావన లేదు. తర్వాత రాసిన మూడింటిలో ఉంది. మరి ఆరోజు వేదిక మీద అన్నాడా, లేదా? అక్కడ నిలబడి రాసుకున్న రిపోర్టర్ల పాఠాల్లో ఆ మాట ఉంది. అంటే అప్పటికప్పుడు కలిపి ఉంటాడు. రాతప్రతి ఒక్కటే పట్టుకుంటే ఈ సంగతి తెలిసేది కాదు. ఇదే ప్రసంగాన్ని చికాగో టైమ్స్ చప్పగా ఉందని తిట్టిపోసింది. హారిస్‌బర్గ్‌లో ఒక పేపర్ ‘పిచ్చి మాటలు’ అని తోసిపుచ్చి, 150 ఏళ్ల తర్వాత 2013లో ఆ రాతను వెనక్కి తీసుకుంది.

ఈ పేపర్లు చాలా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడిపే క్రానిక్లింగ్ అమెరికాలో ఉచితం. ఒక జాగ్రత్త. పాత అచ్చును కంప్యూటర్ తప్పుగా చదువుతుంది, కాబట్టి పేరు కొట్టి వెతికితే సగం దొరకవు. తేదీ పట్టుకుని ఆ వారం సంచికలు పేజీ తిప్పి చూడటమే నమ్మకమైన పద్ధతి. ముందుగా ఉత్తరాలు చదివి ఉంటే ఏ తేదీలు వెతకాలో మీకు తెలుస్తుంది, అందుకే పేపర్లను వాటి తర్వాత పెట్టాను.

గుర్తుచేసుకుని చెప్పిన మాటలు

లింకన్ చనిపోయిన కొద్ది వారాలకే ఆయన చివరి లా పార్ట్‌నర్ విలియం హెర్న్‌డన్ ఒక గొప్ప పని మొదలుపెట్టాడు. లింకన్‌ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లందరినీ వెతికి, కలిసి, ఉత్తరాలు రాసి, చెప్పినదంతా రాసిపెట్టాడు. 1865 సెప్టెంబరులో సవతితల్లి సారా దగ్గరకు వెళ్లి మాట్లాడి వచ్చాడు. ఆయన పూనుకోకపోతే లింకన్ మొదటి 20 ఏళ్ల గురించి మనకు దాదాపు ఏమీ మిగిలేది కాదు. లింకన్ స్వయంగా రాసుకున్న ఆత్మకథల్లో చెప్పుకోదగ్గవి రెండే, 1859లో ఒకటి, 1860లో ఒకటి, రెండూ ఎన్నికల కోసం రాసిన కొద్ది పేజీలు. బడిలో గడిపిన కాలమంతా కలిపినా ఏడాది నిండదని అందులోనే చెప్పాడు. కాబట్టి బాల్యం కావాలంటే జ్ఞాపకాలే దిక్కు. వరుసలో బాల్యానికి మినహాయింపు ఉందన్నది ఇందుకే.

కానీ హెర్న్‌డన్‌కు లింకన్ భార్య మేరీ అంటే పడదు. 1866 నవంబరులో ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చాడు: లింకన్ యువకుడిగా ఉన్న న్యూ సేలంలో 1835లో జ్వరంతో చనిపోయిన ఆన్ రట్లెడ్జ్ అనే అమ్మాయే లింకన్ ప్రేమించిన ఏకైక స్త్రీ అని. భర్తను పోగొట్టుకుని రెండేళ్లయినా నిండని మేరీ అది పేపర్లలో చదవాల్సి వచ్చింది. ఆన్ గురించి లింకన్ రాసిన ముక్క ఒక్కటీ దొరకలేదు. 20వ శతాబ్దం మధ్యలో చరిత్రకారులు ఆ కథ మొత్తాన్నీ కొట్టిపారేశారు. 1990ల్లో డగ్లస్ విల్సన్ లాంటివాళ్లు హెర్న్‌డన్ సేకరించిన మాటలన్నీ మళ్లీ చదివి, అంతమంది వేర్వేరుగా ఒకే సంగతి చెబుతున్నప్పుడు పూర్తిగా అబద్ధమనలేమన్నారు. నేను ఈ రెండో పక్షాన ఉన్నాను. ఆమె మరణంతో లింకన్ కుంగిపోయాడన్నంతవరకు ఒప్పుకోవచ్చు. ‘ఏకైక ప్రేమ’ అన్నది హెర్న్‌డన్ సొంత తీర్పు, దానికి ఆధారం లేదు.

హెర్న్‌డన్ 1889లో అచ్చేసిన పుస్తకం కంటే, ఆయన సేకరించిన అసలు వాంగ్మూలాలతో 1998లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ప్రెస్ తెచ్చిన సంపుటం మేలు. ఎవరు ఎప్పుడు చెప్పారో సాక్షివారీగా కనిపిస్తుంది. ఇక ‘లింకన్ ఒకసారి ఇలా అన్నాడు’ తరహా మాటలకు ఫెరెన్‌బాకర్ దంపతులు 1996లో ఒక నిఘంటువు లాంటిది చేశారు. ఎవరో విన్నామని చెప్పిన ప్రతి మాటకూ ‘A’ నుంచి ‘E’ వరకు గ్రేడు ఇచ్చారు. అప్పటికప్పుడు రాసుకున్నది పైన, నమ్మశక్యం కానిది కింద. ఏ సూక్తినైనా వాడే ముందు దీన్ని చూడటం వల్ల పరువు దక్కుతుంది.

ఇంటి లోపలి సంగతులకు ఎలిజబెత్ కెక్లీ 1868లో రాసిన జ్ఞాపకాలకు సాటి లేదు. బానిసగా పుట్టి, తన దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు ఇచ్చిన అప్పుతో తనను తాను విడిపించుకుని, కుట్టుపనితో ఆ అప్పు తీర్చి, మేరీ లింకన్‌కు బట్టలు కుట్టిన స్త్రీ ఆమె. 1862 ఫిబ్రవరిలో లింకన్ కొడుకు, 11 ఏళ్ల విల్లీ చనిపోగానే ఆమెకు కబురు వెళ్లింది. ఆ పేజీలు చదివాక వైట్‌హౌస్ మామూలు ఇల్లులా కనిపిస్తుంది. మంత్రుల డైరీల్లో నౌకాదళ మంత్రి గిడియన్ వెల్స్‌ది పెద్దది, కానీ 1911 ముద్రణలో ఆయన తర్వాత దిద్దుకున్నవి అసలు రాతలో కలిసిపోయాయి. మార్పులు గుర్తించి వేసిన తర్వాతి ముద్రణలే వాడండి.

ఆయన కాలం గురించి అయితే

లింకన్ చుట్టూనే తిరిగితే ఆ కాలం అర్థం కాదు. బానిసత్వంలో ఉన్నవాళ్లు, సైన్యంలో చేరిన నల్లజాతి సిపాయిలు రాసిన ఉత్తరాలను మేరీలాండ్ విశ్వవిద్యాలయం ప్రభుత్వ ఫైళ్లలోంచి తీసి ప్రచురిస్తోంది, కొన్ని నెట్‌లో చదవొచ్చు. సైనిక వ్యవహారాలకు ప్రభుత్వం అచ్చేసిన 128 పుస్తకాల యుద్ధ రికార్డు ఉంది, కానీ ఒక యుద్ధాన్నో దళాన్నో ఎంచుకోకుండా అందులో దిగితే బయటపడలేరు.

ఒక్కటే చదివే తీరిక ఉంటే ఫ్రెడరిక్ డగ్లస్ 1876 ఏప్రిల్ 14న వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగం చదవండి. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చి, లింకన్‌ను మూడుసార్లు కలిసిన మనిషి, విగ్రహావిష్కరణ వేదిక మీద, అధ్యక్షుడు గ్రాంట్ ఎదుట, లింకన్ ప్రధానంగా తెల్లవాళ్ల అధ్యక్షుడని సూటిగా చెప్పాడు. బానిసత్వ నిర్మూలన కోరినవాళ్ల వైపు నుంచి చూస్తే ఆయన నిదానం, ఉదాసీనుడు. దేశం మొత్తం మనోభావాన్ని లెక్కలోకి తీసుకుంటే వేగం, పట్టుదల ఉన్నవాడు అని అదే ప్రసంగంలో అన్నాడు. ఆ తూకం తర్వాత వచ్చిన ఎన్నో లావు పుస్తకాల్లో నాకు దొరకలేదు.

వెళ్లి చూడాలా?

అమెరికాలో ఉన్న మనవాళ్లు తరచు అడుగుతారు. చికాగో నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ దాదాపు 320 కిలోమీటర్లు. లింకన్ ఇల్లు ఆయనదే, ప్రవేశం ఉచితం. పిల్లలుంటే 2005లో తెరిచిన మ్యూజియం బాగుంటుంది. న్యూ సేలం గుడిసెలు తర్వాతి కాలంలో తిరిగి కట్టినవి, కెంటకీలో చూపించే పుట్టిన గుడిసె ఆయన పుట్టినది కాదు, గుర్తుగా ఉంచినది. పరిశోధన కోసమైతే ప్రయాణం అక్కర్లేదు. కాగితాలు ఇంట్లోనే తెరుచుకుంటాయి.

లింకన్ కాకుండా వేరే అధ్యక్షుణ్ని ఎంచుకుంటే దారి మారుతుంది. వాషింగ్టన్, జెఫర్సన్ తరంవాళ్ల ఉత్తరాలు ఫౌండర్స్ ఆన్‌లైన్‌లో ఒకేచోట ఉన్నాయి. హూవర్ నుంచి ఇటువైపు అధ్యక్షులకు నేషనల్ ఆర్కైవ్స్ నడిపే లైబ్రరీలున్నాయి, వాటిలో మొదటిది 1941లో హైడ్ పార్క్‌లో తెరిచిన రూజ్‌వెల్ట్ లైబ్రరీ. దగ్గరి కాలంవాళ్ల విషయంలో రహస్య ఫైళ్లు ఇంకా తెరుచుకోక చిక్కు వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు లింకనే తేలిక.

స్కూలు ప్రాజెక్టుకైతే డొనాల్డ్‌లో సంబంధించిన అధ్యాయం, లింకన్ రాసిన రెండు ఉత్తరాలు చాలు. తెలుగులో జీవితచరిత్ర రాయాలనుకునేవాళ్లు మాత్రం డొనాల్డ్, ఫోనర్, బాస్లర్ సంపుటాలు మూడూ పక్కన పెట్టుకోవాలి. దయచేసి టీచరు ఉత్తరాన్ని అందులో చేర్చకండి.

తెలుగువాళ్లకు సొంతంగా పరిశోధించదగ్గ ప్రశ్న కూడా ఒకటి ఉంది. 1861లో ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను మూసేయడంతో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. ఇండియా పత్తి ధర ఎగబాకింది, 1865లో యుద్ధం ముగిసే సమయానికి బొంబాయి మార్కెట్ కుప్పకూలింది. బళ్లారి, కర్నూలు, కడప, కృష్ణా ప్రాంతాల పత్తి రైతులకు ఆ నాలుగేళ్లలో ఏం దక్కింది, తర్వాత ఏం పోయింది? దీనికి జీవితచరిత్రలు పనికిరావు. 1870, 80ల్లో మద్రాసు ప్రభుత్వం వేయించిన జిల్లా మాన్యువల్స్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, వాటిలో పంటలు, వ్యాపారం అధ్యాయాలతో మొదలుపెట్టండి. పత్తి లేక పనులు పోయినా ఉత్తరాది పక్షాన నిలిచిన మాంచెస్టర్ కార్మికులకు 1863 జనవరి 19న లింకన్ రాసిన కృతజ్ఞతా లేఖ బాస్లర్ ఆరో సంపుటంలో ఉంది, దాన్ని ఆ అధ్యాయాల పక్కన పెట్టి చదవండి.